మంత్రుల ముందు నోరు విప్పిన పారిశ్రామికవేత్త: రాహుల్ బజాజ్

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో డిగ్రీ పిల్లలున్నారు, వెనక పెద్దలున్నారు. ఇవాళ నేను మాట్లాడబోయే మనిషి ఇంటిపేరు పిల్లలకు ఈఎంఐ కార్డు మీద తెలుసు. పెద్దలకు స్కూటర్ మీద తెలుసు. రెండూ ఒకే కుటుంబం వ్యాపారాలు. ఆ కుటుంబానికి చాలా కాలం పెద్దగా ఉన్న రాహుల్ బజాజ్ 1938 జూన్ 10న కలకత్తాలో పుట్టారు. 2022 ఫిబ్రవరి 12న పుణెలో చనిపోయారు. మధ్యలో ఒక నాలుగేళ్లు రాజ్యసభ సభ్యుడిగా ఉన్నారు.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం పార్లమెంటుకు వెళ్లిన పారిశ్రామికవేత్తల గురించి. పేర్లు చాలా ఉన్నాయి. ఘనశ్యామ్‌దాస్ బిర్లా 1926లోనే, బ్రిటిష్ కాలంలో, కేంద్ర శాసనసభకు ఎన్నికై 1930లో రాజీనామా చేశారు. ఆయన కొడుకు కె.కె. బిర్లా 1984 నుంచి 2002 దాకా రాజ్యసభలో ఉన్నారు. నావల్ టాటా 1971లో బొంబాయిలో స్వతంత్రుడిగా నిలబడి ఓడిపోయారు. ఎయిర్‌లైన్స్ నడిపిన విజయ్ మాల్యా సభ్యుడిగా ఉండగానే, 2016 మార్చిలో, బ్యాంకులకు అప్పులు ఎగ్గొట్టారన్న ఆరోపణల మధ్య దేశం దాటి వెళ్లిపోయారు. వీళ్లందరినీ వదిలి రాహుల్ బజాజ్‌ను ఎందుకు ఎంచుకున్నానంటే, ఆయన కథలో నాకు ఒక చిక్కుముడి కనిపిస్తుంది. ప్రభుత్వం సంతకం పెడితేనే నడిచే వ్యాపారం చేస్తూ, ఆ సంతకం పెట్టేవాళ్ల ముఖం మీదే మాట్లాడారు. అదే సమయంలో ఆ సంతకాల వల్ల బాగా లాభపడ్డారు కూడా. ఈ రెండూ కలిపి చూడాలి. నేను ఆయన భక్తుణ్ణి కాను, ముందే చెప్పేస్తున్నాను. ఆయన వాదనల్లో కొన్ని నాకు ఇప్పటికీ మింగుడు పడవు.

ముందు ఇల్లు చూద్దాం. తాత జమ్నాలాల్ బజాజ్. రాజస్థాన్ శీకర్ ప్రాంతంలో పుట్టి, వార్ధాలోని ఒక వ్యాపార కుటుంబానికి దత్తత వెళ్లారు. బ్రిటిష్ వాళ్లు రాయ్ బహదూర్ బిరుదిస్తే సహాయ నిరాకరణ రోజుల్లో తిరిగి ఇచ్చేశారు. గాంధీజీ ఆయన్ని తన అయిదో కొడుకు అనేవారు. కాంగ్రెస్ పార్టీ డబ్బు లెక్కలు ఏళ్లకేళ్లు ఆయనే చూశారు. వార్ధాలో తమ కుటుంబం కట్టించిన లక్ష్మీనారాయణ ఆలయాన్ని 1928లో దళితులకు తెరిచారు. గాంధీజీ వచ్చి వార్ధా పక్కన సేవాగ్రామ్‌లో స్థిరపడ్డారంటే దానికి ఈయన పట్టుదల పెద్ద కారణం. 1942 ఫిబ్రవరి 11న పోయారు, క్విట్ ఇండియాకు ఆరు నెలల ముందు.

ఇక పార్లమెంటు సంగతి. రాహుల్ బజాజ్ రాజ్యసభకు వెళ్లడం ఆ ఇంట్లో కొత్తేమీ కాదు. 1952 ఎన్నికల్లో వార్ధా నుంచి గెలిచిన శ్రీమన్ నారాయణ్, మన జమ్నాలాల్ గారి అల్లుడే. తర్వాత 1957, 1962, 1967, మూడుసార్లూ అక్కడ గెలిచింది కొడుకు కమలనయన్ బజాజ్, అంటే మన రాహుల్ గారి తండ్రి. వ్యాపారం చేస్తూనే పదమూడేళ్లకు పైగా లోక్‌సభలో కూర్చున్నారు. అల్లుడు, కొడుకు కలిసి వార్ధాను దాదాపు ఇరవై ఏళ్లు తమ చేతిలో పెట్టుకున్నారన్నమాట. ఇప్పుడు వారసత్వ రాజకీయాలని కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడతాం కదా, అందుకే చెప్పాను. (నవ్వులు)

రాహుల్ అనే పేరు జవహర్‌లాల్ నెహ్రూ పెట్టింది. ఆ సంగతి ఆయనే బహిరంగంగా చెప్పుకున్నారు, ఎక్కడ, ఎవరి ముందు చెప్పారో తర్వాత వస్తుంది. చదువు ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో ఎకనామిక్స్, బొంబాయిలో లా, 1964లో హార్వర్డ్ ఎంబీఏ. మరుసటి ఏడాది బజాజ్ ఆటోలో చేరారు. 1968లో, ముప్ఫై ఏళ్ల వయసులో, కంపెనీ పగ్గాలు చేతికి వచ్చాయి. పుణె దగ్గర ఆకుర్డిలో ఫ్యాక్టరీ. ఇల్లు కూడా ఆ ఆవరణలోనే. బొంబాయి మలబార్ హిల్ మీద ఉండగలిగిన మనిషి ఫ్యాక్టరీ కాలనీలో కాపురం పెట్టారు, పిల్లల్ని అక్కడే పెంచారు. ఆ రోజుల్లో పెద్ద పారిశ్రామిక కుటుంబాల్లో ఇది అరుదు.

ఇప్పుడు అసలు కథలోకి వస్తున్నాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పిల్లలకు ఆ కాలం ఊహకు అందదు.

బజాజ్ వాళ్లు 1948లో స్కూటర్లు దిగుమతి చేసి అమ్మడంతో మొదలుపెట్టారు. 1959లో తయారీకి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇటలీ కంపెనీ పియాజ్జియోతో ఒప్పందం, వెస్పా మోడల్. ఆ ఒప్పందం 1971లో ముగిసింది. విదేశీ సాంకేతికతకు మళ్లీ మళ్లీ డబ్బు కట్టడం ఎందుకని ఢిల్లీ వాళ్లు పొడిగింపు ఇవ్వలేదు. 1972లో సొంత పేరుతో బండి వచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టారు, చేతక్.

బండికి గిరాకీ ఉంది, తయారు చేయగల ఫ్యాక్టరీ ఉంది. మరి జనానికి ఎందుకు దొరకలేదు? 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం ప్రకారం ఫ్యాక్టరీ పెట్టడానికే కాదు, ఏడాదికి ఎన్ని తయారు చేయాలో దానికి కూడా లైసెన్సు ఉండాలి. ఆ అంకె దాటితే తప్పు. ఎక్కువ తయారు చేసినందుకు శిక్ష! ఆపైన 1969లో గుత్తాధిపత్యాన్ని అడ్డుకునే చట్టం వచ్చింది, ఎంఆర్‌టీపీ అనేవాళ్లం. పెద్ద వ్యాపార కుటుంబం ఏ విస్తరణ చేయాలన్నా విడిగా అనుమతి తెచ్చుకోవాలి. ఆశయం మంచిదే కావచ్చు, పెద్దలు ఇంకా పెద్దవాళ్లు కాకుండా చూడాలని. జరిగిందేమిటంటే, బండి కావాలంటే డిపాజిట్ కట్టి బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడటం. చేతక్‌కు ఒక దశలో పదేళ్ల వెయిటింగ్ ఉండేది. విదేశాల్లో ఉన్న చుట్టం డాలర్లలో కడితే త్వరగా వచ్చేది. ప్రభుత్వ ఉద్యోగులకు వేరే కోటా. కొత్త బండి ధర కంటే వాడిన బండి ధర ఎక్కువ, బుక్ చేసుకున్న నంబరు వచ్చాక దాన్ని అమ్ముకుని లాభపడ్డవాళ్లూ ఉన్నారు. మన పెళ్లి సంబంధాల్లో అల్లుడికి స్కూటర్ అనే మాట ఎలా స్థిరపడిందో వెనక కూర్చున్న పెద్దల్ని అడగండి. వాళ్లలో ఎవరో పుచ్చుకునే ఉంటారు. (నవ్వులు) మన హైదరాబాద్ ఆల్విన్ కూడా పుష్పక్ అని ఒక స్కూటర్ తెచ్చింది. దాని కోసం ఎవరూ పదేళ్లు ఎదురుచూడలేదు.

రాహుల్ బజాజ్ ఈ అంకెల పరిమితితో బాహాటంగా గొడవపడ్డారు. మా తాత దేశం కోసం జైలుకు వెళ్లాడు, నేను ఎక్కువ స్కూటర్లు తయారు చేసినందుకు జైలుకు వెళ్లడానికి సిద్ధం అనే అర్థం వచ్చేలా ఆయన మాట్లాడారని పారిశ్రామిక వర్గాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మాటలో కొంత నాటకం ఉంది. కానీ అప్పట్లో మిగతా పారిశ్రామికవేత్తలు చేసింది వేరు. వాళ్లు ఢిల్లీలో ఒక మనిషిని పెట్టుకుని, పరిశ్రమల శాఖ ఉండే ఉద్యోగ్ భవన్ చుట్టూ తిప్పించి, ఫైలు కదిలించుకునేవాళ్లు. పేపర్‌లో తమ పేరుతో ఒక్క ముక్క రానిచ్చేవాళ్లు కాదు.

ఇక్కడే నా చిక్కుముడి. లైసెన్సుల రాజ్యం ఆయన చేతులు కట్టేసింది, నిజం. కానీ ఆయన ప్రత్యర్థుల చేతులు ఇంకా గట్టిగా కట్టేసింది. కొత్తవాళ్లు రాలేరు, విదేశీ బండ్లు రావు. దానితో ఏళ్లకేళ్లు అదే చేతక్, అవే రెండు స్ట్రోకుల ఇంజను, ఉదయాన్నే స్టార్ట్ కాకపోతే బండిని పక్కకు వంచి మళ్లీ నిలబెట్టి కిక్ కొట్టడం. పదేళ్ల క్యూ ఉన్న కంపెనీకి బండి మార్చాల్సిన తొందరేముంటుంది? ఈ విమర్శ ఆయన బతికుండగానే చాలామంది చేశారు. నేనూ చేస్తాను. ఆయన వైపు చెప్పాల్సింది ఒకటుంది. అదే రక్షణ దొరికిన ఇంకా చాలా కంపెనీలు నాసిరకం సరుకు అమ్మి, తలుపులు తెరవగానే మూతపడ్డాయి. బజాజ్ మూతపడలేదు. ఆకుర్డి తర్వాత 1985లో ఔరంగాబాద్ దగ్గర వాలుజ్ ఫ్యాక్టరీ వచ్చింది, తర్వాత చాకన్ వచ్చింది. ఆయన పగ్గాలు పట్టినప్పుడు ఏడు కోట్ల చిల్లర టర్నోవర్ ఉన్న కంపెనీ ఆయన హయాంలో 12 వేల కోట్లకు చేరింది. క్యూ ఒక్కదానితో ఇంత జరగదు.

ప్రభుత్వంతో గొడవంటే మాటలతో పోయేది కాదు. ఎమర్జెన్సీలో, 1976లో, బజాజ్ కుటుంబం కంపెనీల మీద ఆదాయపు పన్ను దాడులు జరిగాయి. ఆ కుటుంబం ఇందిరాగాంధీకి దూరమైందన్నది దాని వెనక ఉన్న సంగతిగా అందరూ అనుకున్నదే. గాంధీజీ అయిదో కొడుకు కుటుంబం మీద కాంగ్రెస్ ప్రభుత్వం దాడి చేయించింది! ఆ ఇంటి మనిషికి ప్రభుత్వం అంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. అయినా పదేళ్లకే, 1986లో, ప్రభుత్వ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు ఛైర్మన్‌గా ఆయన్నే పెట్టారు. ఢిల్లీ ఇంతే.

1980ల మధ్యలో జపాన్ కంపెనీలు భాగస్వాములతో వచ్చాయి. 1985లో హీరో హోండా వంద సీసీ మోటార్‌సైకిల్ తెచ్చింది, నాలుగు స్ట్రోకులది. లీటర్‌కు అది ఇచ్చే మైలేజి స్కూటర్ ఇవ్వలేకపోయింది. బజాజ్ కూడా కవాసాకితో కలిసింది, కానీ మనసంతా స్కూటర్ మీదే ఉండిపోయింది. 1989లో వచ్చిన "హమారా బజాజ్" ప్రకటన పాట ఇంకా అందరికీ గుర్తే, కానీ ఆ పాట మోగుతున్నప్పుడే జనం మెల్లగా మోటార్‌సైకిల్ వైపు తిరుగుతున్నారు. 2001 నాటికి హీరో హోండా ఆయన్ని దాటేసింది.

అంతకుముందే 1991 జూలై 24 వచ్చింది. పగలు పరిశ్రమల విధానం, సాయంత్రం మన్మోహన్ సింగ్ బడ్జెట్. బడ్జెట్ సంగతి అందరికీ గుర్తుంది. లైసెన్సులు ఎత్తేసింది మాత్రం బడ్జెట్ కాదు, ఆ పరిశ్రమల విధానం. ఆ శాఖ అప్పుడు ప్రధాని పీవీ నరసింహారావు గారి దగ్గరే ఉంది. మన కరీంనగర్ పెద్దమనిషి పెద్ద ప్రసంగమేమీ చేయకుండా, సహాయ మంత్రి చేత ఆ కాగితాన్ని సభలో పెట్టించి, నలభై ఏళ్ల వ్యవస్థను తీసేశారు. రాహుల్ బజాజ్ జైలుకు వెళ్తానన్నది దేని మీదో అది ఆ రోజుతో దాదాపు పోయింది.

మరి ఆయన సంతోషించాలి కదా? 1993లో బొంబాయిలో కొందరు పారిశ్రామికవేత్తలు కూడారు. పత్రికలు దానికి బాంబే క్లబ్ అని పేరు పెట్టాయి. విదేశీ కంపెనీలను రానివ్వండి, కానీ పోటీ సమానంగా ఉండాలి అని వాళ్ల వాదన. మాకు ఇక్కడ వడ్డీలు ఎక్కువ, పన్నులు ఎక్కువ, ఇన్నాళ్లూ మీరే మమ్మల్ని ఎదగనివ్వలేదు, ఇప్పుడు ఒక్కసారిగా ప్రపంచంలో పెద్ద కంపెనీలతో తలపడమంటే ఎలా? ముందు మా సంకెళ్లు తీయండి, తర్వాత పందెం పెట్టండి అన్నారు. స్వేచ్ఛ కావాలని ఇరవై ఏళ్లు అరిచిన మనిషి, స్వేచ్ఛ రాగానే కొంచెం ఆగండి అంటున్నాడని ఎద్దేవా చేశారు. ఎద్దేవాలో సగం న్యాయముంది. సంకెళ్లు తీయమనడం నిజాయితీ గల వాదన. కానీ అదే పారిశ్రామికవేత్తలు కొనుగోలుదారుడి పదేళ్ల క్యూ గురించి అంత గట్టిగా ఎప్పుడు మాట్లాడారు?

ఒక్కటి గమనించండి. ఆ సమావేశానికి వెళ్లినవాళ్లలో చాలామంది తర్వాత తప్పుకున్నారు. నేను అక్కడ లేను, ఉన్నా అలా అనలేదు అన్నట్టు మాట్లాడారు. రాహుల్ బజాజ్ ఏళ్ల తరబడి ఆ వాదనకు తన పేరు పెట్టుకుని నిలబడ్డారు. నచ్చని అభిప్రాయానికి కూడా సొంత సంతకం చేసే మనిషి అని నేను గౌరవించేది అందుకే.

తర్వాత 2003 ఫిబ్రవరి. ఢిల్లీలో పరిశ్రమల సమాఖ్య సీఐఐ సమావేశం. ఆ సంస్థకు రెండుసార్లు అధ్యక్షుడిగా చేసిన మనిషి ఈయన. వేదిక మీద గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ. ముందు ఏడాది అల్లర్ల వల్ల గుజరాత్‌కు 2002 చేజారిపోయిన ఏడాది అయిందని, పెట్టుబడి రావాలంటే భద్రత ఉండాలని బజాజ్ ఎదురుగా అన్నారు. సభ వేడెక్కింది. గుజరాత్ పారిశ్రామికవేత్తలు కొందరు సీఐఐ నుంచి బయటకు పోతామన్నారు, చివరికి సమాఖ్యే సర్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది. ఎవరి రాజకీయం ఒప్పు అన్నది ఇవాళ్టి నా విషయం కాదు. ఈ సంఘటన గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మూడేళ్ల తర్వాత అదే బీజేపీ ఎమ్మెల్యేలు ఆయనకు ఓటేశారు.

అది ఎలా జరిగిందో చూద్దాం. రాజ్యసభకు పారిశ్రామికవేత్త అనగానే రాష్ట్రపతి నామినేట్ చేశారనుకుంటారు చాలామంది. నామినేటెడ్ సభ్యులు పన్నెండు మందే, వాళ్లు సాహిత్యం, విజ్ఞానం, కళలు, సామాజిక సేవ రంగాల నుంచి రావాలి. బజాజ్ నామినేట్ అయినవారు కాదు, ఎన్నికైనవారు. 2006 మే 3న బీజేపీ నాయకుడు ప్రమోద్ మహాజన్ మరణించారు. మహారాష్ట్ర నుంచి ఆయన రాజ్యసభ స్థానం ఖాళీ అయింది, పదవీకాలం 2010 జూలై దాకా ఉంది. ఉప ఎన్నిక పెట్టారు.

ఇక్కడ లెక్క తమాషాగా ఉంటుంది. ఒకేసారి ఆరేడు సీట్లకు ఎన్నిక జరిగితే, ఒక్కో సీటుకు తక్కువ ఓట్లు చాలు, చిన్న పార్టీ కూడా ఒకరిని పంపగలదు. ఉప ఎన్నికలో ఒకే సీటు, కాబట్టి పోలైన ఓట్లలో సగానికి పైన రావాలి. మహారాష్ట్ర శాసనసభలో 288 మంది. 2004 ఎన్నికల్లో ఎన్సీపీకి 71, కాంగ్రెస్‌కు 69, శివసేనకు 62, బీజేపీకి 54 వచ్చాయి. సేన, బీజేపీ కలిపినా 116. చాలదు. ఎన్సీపీ రావాలి. కానీ ఎన్సీపీ అప్పుడు కాంగ్రెస్‌తో కలిసి రాష్ట్రంలో ప్రభుత్వం నడుపుతోంది! అయినా వచ్చింది. ఎన్సీపీ నాయకుడు శరద్ పవార్‌తో బజాజ్‌కు పాత స్నేహం. స్వతంత్రుడిగా నిలబడిన ఆయన, పాలకపక్షంలో సగం, ప్రతిపక్షం మొత్తం కలిసి, కాంగ్రెస్ అభ్యర్థి అవినాశ్ పాండేను యాభైకి పైగా ఓట్ల తేడాతో ఓడించారు. అప్పటికి ఆయన వయసు 68. కంపెనీ రోజువారీ నిర్వహణ అంతకు ముందు ఏడాదే పెద్ద కొడుకు రాజీవ్ చేతికి ఇచ్చారు.

దాన్ని మీరు ప్రజాభీష్టం అంటారో, నాయకుల మధ్య ఒప్పందం అంటారో మీ ఇష్టం. నేను రెండోదే అంటాను. తండ్రి కమలనయన్ వార్ధాలో ఊరూరా తిరిగి ఓట్లడిగి గెలిచారు. కొడుక్కి ఆ అవసరం రాలేదు.

సభలోకి వెళ్లాక ఏమైంది? ఆ నాలుగేళ్లు ఆయన జీవితంలో పల్చటి భాగం అని నా అభిప్రాయం. తప్పు ఆయనది మాత్రమే కాదు. పార్టీల బలాన్ని బట్టి మాట్లాడే సమయం పంచుతారు. ఒక్కడే ఉన్న స్వతంత్రుడికి చివర్లో కొన్ని నిమిషాలు దొరుకుతాయి, అప్పటికి సభ సగం ఖాళీ. ఆపైన పారిశ్రామికవేత్తకు ఇంకో ఇబ్బంది. రాజ్యసభ నియమాల ప్రకారం సభ్యుడు తనకు జీతం వచ్చే డైరెక్టర్ పదవులు, కంపెనీల మీద పట్టునిచ్చే వాటాలు రిజిస్టర్‌లో రాయించాలి. తన డబ్బుతో సంబంధం ఉన్న విషయం చర్చకు వస్తే, ఆ సంగతి ముందు ప్రకటించాకే నోరు విప్పాలి. మంచి నియమం. కానీ వాహనాలు, ఫైనాన్స్, బీమా, చక్కెర, ఉక్కు, అన్నిట్లో ఏదో ఒక సంబంధం ఉన్న కుటుంబం మనిషి తన వ్యాపారం తగలని ఏ విషయం మీద మాట్లాడగలడు? అతనికి బాగా తెలిసిన విషయంలోనే అతని మాట మీద అనుమానం ఉంటుంది. ఈ చిక్కు ఏ దేశంలోనైనా పారిశ్రామికవేత్త చట్టసభలోకి వెళ్తే ఉండేదే.

ఆ నాలుగేళ్లలో ఇంట్లో, కంపెనీలో చాలా జరిగింది. తమ్ముడు శిశిర్‌తో ఆస్తుల వివాదం 2008లో పరిష్కారమైంది. బజాజ్ ఆటోను విడదీసి ఫైనాన్స్ వ్యాపారాన్ని చిన్న కొడుకు సంజీవ్‌కు అప్పగించారు. పిల్లలు చూసే ఈఎంఐ కార్డు వచ్చింది ఆ కొమ్మ నుంచే. 2009లో రాజీవ్ స్కూటర్ల తయారీ పూర్తిగా ఆపేస్తున్నామని ప్రకటించారు. తనకు బాధగా ఉందని, అది సరైన నిర్ణయం కాదని తండ్రి పత్రికల ముందే అన్నారు. కొడుకు వినలేదు. తండ్రి ఆపించనూ లేదు. సొంత కంపెనీ గురించి ఛైర్మనే అలా మాట్లాడితే షేర్ ధర ఏమవుతుందోనని ఇంకొకరైతే నోరు కుట్టేసుకునేవాళ్లు.

ఇక చివరి ఘట్టం అందరూ ఫోన్లలో చూసినదే. 2019 నవంబర్ 30, ముంబైలో ఒక అవార్డుల సభ. వేదిక మీద హోం మంత్రి అమిత్ షా, ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, పీయూష్ గోయల్. కింద దేశంలోని పెద్ద పారిశ్రామికవేత్తలు. ఎనభై ఒక్కేళ్ల బజాజ్ లేచి, నా స్నేహితులెవరూ ఇది మాట్లాడరు, నేనే చెబుతాను అని మొదలుపెట్టారు. నాకు పేరు పెట్టింది నెహ్రూ, ఇది మీకు నచ్చకపోవచ్చు అని కూడా అక్కడే అన్నారు. గత ప్రభుత్వంలో ఎవరినైనా తిట్టగలిగేవాళ్లం, ఇప్పుడు మేం విమర్శిస్తే మీరు మంచిగా తీసుకుంటారన్న నమ్మకం లేదు అన్నారు. ఎవరూ భయపడాల్సిన పని లేదని, అలాంటి వాతావరణం ఉందంటే మార్చడానికి ప్రయత్నిస్తామని అమిత్ షా జవాబిచ్చారు. మరునాడు నిర్మలా సీతారామన్ ఇలాంటి వ్యక్తిగత అభిప్రాయాలు వ్యాపిస్తే దేశ ప్రయోజనాలకు దెబ్బ అని రాశారు. రాహుల్ బజాజ్ పేరు చెబితే రాజ్యసభలో చేసిన ప్రసంగం ఎవరికీ గుర్తు రాదు. ఇది వస్తుంది. అప్పటికి ఆయన సభ్యత్వం ముగిసి తొమ్మిదేళ్లు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోత: అంత మాట్లాడితే కంపెనీకి దెబ్బ తగల్లేదా?)

మంచి ప్రశ్న. 1976లో తగిలింది, చెప్పాను. 2019లో పరిస్థితి వేరు. అప్పటికి ఎన్ని బండ్లు తయారు చేయాలో చెప్పే లైసెన్సు లేదు. బజాజ్ ఆటోకు బ్యాంకుల అప్పు లేదు, చేతిలో పెద్ద మొత్తం నగదు ఉంది, బండ్లలో పెద్ద భాగం విదేశాలకు అమ్ముతోంది. ఆ రోజు కింద మౌనంగా కూర్చున్న వాళ్లలో చాలామంది వ్యాపారం గనులు, రోడ్లు, విద్యుత్తు, ప్రభుత్వ బ్యాంకుల అప్పులతో ముడిపడింది. కాబట్టి ధైర్యం మొత్తం గుండెలోంచే వచ్చిందని నేను అనను, కొంత బ్యాలెన్స్ షీట్‌లోంచి కూడా వచ్చింది. కానీ అలాంటి బ్యాలెన్స్ షీట్ ఉన్నవాళ్లు ఇంకా కొందరున్నారు, వాళ్లు లేవలేదు.

(శ్రోత: ఏదైనా పార్టీలో చేరి ఉంటే మంత్రి అయ్యేవారేమో కదా?)

స్వతంత్రుడిగా గెలిచిన సభ్యుడు తర్వాత ఏ పార్టీలో చేరినా ఫిరాయింపుల చట్టం కింద సీటు పోతుంది. 1985 నుంచి అంతే. ఆ దారి ఆయనకు గెలిచిన రోజే మూసుకుపోయింది. అయినా పార్టీ విప్ చెప్పినట్టు చేయి ఎత్తే మనిషిగా ఆయన్ని నేను ఊహించలేను.

(శ్రోత: కొడుకులు రాజకీయాల్లోకి వచ్చారా?)

రాలేదు. రాజీవ్‌కు తండ్రి నోరు వచ్చింది, 2020 జూన్‌లో లాక్‌డౌన్ పెట్టిన తీరును బాహాటంగానే తప్పుపట్టారు. ఎన్నికల్లో మాత్రం నిలబడలేదు. వార్ధాలో 1967 తర్వాత బజాజ్ ఇంటిపేరుతో ఎవరూ గెలవలేదు. స్కూటర్ మాత్రం తిరిగొచ్చింది, 2020 జనవరిలో చేతక్ పేరుతోనే ఎలక్ట్రిక్ బండి మార్కెట్లోకి తెచ్చారు.

హాలు ఖాళీ చేయమంటున్నారు. మిగతా ప్రశ్నలు బయట టీ దగ్గర మాట్లాడుకుందాం. నమస్కారం.